నలభై మిల్లీసెకన్లు

కోఠీ గుజరాతీ గల్లీలో
ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం మీద రేకుల గది.
రాత్రి పదకొండుకి కింద షట్టర్ పడుతుంది.
అది పడేదాకా పాట మొదలుపెట్టను.
ఈ పనిలో ప్రతి చప్పుడూ
నన్నే పిలుస్తున్నట్టుంటుంది.

పాట మూడు నిమిషాల నలభై రెండు సెకన్లు.
తెర మీద పరిస్తే కొరమీను వెన్నెముక.
ముల్లు ముల్లుకీ ఒక గీత పెట్టాలి.
ఇక్కడ ఎరుపు వెలగాలి, ఇక్కడ పసుపు,
ఇక్కడ మైసమ్మ గుడి కమాను నుంచి కిరాణా కొట్టు దాకా
ఒకేసారి పాకాలి.

గీతలు యంత్రమే పెట్టుకోగలదు.
పెట్టింది కూడా.
పెళ్లిళ్లలో వేసే పాటలకైతే ఢోకా లేదు,
వాటిలో దెబ్బలన్నీ ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లలు,
చేతి దూరం కొలుచుకుని ఉంటాయి.
తీన్మార్ దగ్గర దాని లెక్క తప్పింది.
మూడుని నాలుగంది.
చిర్ర తగిలిన చోటు వదిలేసి
తోలు ఊపిరి తీసుకున్న చోట గీత గీసింది.
సిటికెన పుల్లని అసలు వినలేదు.

అన్నీ చెరిపేసి
అక్షరాలరిగిన కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.
స్పేస్ బార్ మీద బొటనవేలు.
మళ్ళీ మొదటినుంచి.

"కొట్టింది ఎవరు ఖలీల్ భాయ్?"
"చిలకలగూడ పెంటయ్య. పోయినేడు ఫోన్‌లో పట్టిన.
వెనక స్కూటర్ హారన్ ఉంటది, జర చూస్కో అక్కా."
చూశాను. హారన్ కూడా తాళంలోనే పడింది.
దానికో నీలం బల్బు ఇచ్చాను.

నా వేలు ఎప్పుడూ నలభై మిల్లీసెకన్లు వెనక.
చెవి విని, లోపలెవరో సరేనని,
వేలు కిందికి దిగేలోపు
దెబ్బ దాటిపోయి ఉంటుంది.
రెండు ఇరానీ చాయ్‌లు పడితే ముప్పై ఐదు.
జ్వరమొస్తే యాభై.
అందుకని చివర్లో ఆరువందల పన్నెండు గీతల్నీ కలిపి పట్టి
నలభై వెనక్కి జరుపుతాను.
పన్నెండేళ్ల నా జీతం
ఆ జరుపుడుకే.

రెండు నిమిషాల పదిహేడో సెకను.
వేలు పడింది. దెబ్బ పడలేదు.

పెద్దది చేసి చూశాను.
ముళ్ల మధ్య చదును జాగా, రెండు సెకన్ల పైచిలుకు.
చెవులకి హెడ్‌ఫోన్లు అదిమితే
ఎవరో పోరడి నవ్వు, ఎండుగడ్డి చిటపట,
"తోలు సల్లబడ్డదిరా" అని ఒక గొంతు.
తర్వాత ఏ లెక్కకీ అందని చోట
గుండెల మీద గుద్దినట్టు ఒకటి.
అక్కడ యంత్రం
లేని దెబ్బలు నాలుగు ఊహించుకుని
మర్యాదగా పూడ్చేసింది ఇందాక.

నేను ఖాళీగానే ఉంచాను.
"ఈడ చీకటేందక్కా? కమిటీవాళ్లు పైసలు కోస్తరు."
"కోస్తే నా దాంట్లో కొయ్యి."

బోనాల రాత్రి.
ఈసారి డప్పులవాళ్లని పిలవలేదు,
నాలుగు బాక్సుల్లో రికార్డింగ్ ఉంది కదా, అది చాలన్నారు.
గల్లీ మొత్తం నా గీతల మీద వెలుగుతోంది,
వేపమండలు పట్టుకున్న పిల్లలు
నీడలు మారినప్పుడల్లా అరుస్తున్నారు.
రెండు పదిహేడుకి అంతా ఆరింది.
"కరెంట్ పోయింది!"
తలలన్నీ తీగల వైపు లేచాయి.

పాన్ డబ్బాలో బల్బు ఒక్కటే నా చేతిలో లేనిది.
దాని కింద ఒకాయన,
మాసిన తెల్లచొక్కా, చంకలో ఏమీ లేదు.
పైకి చూడలేదు.
కుడి మణికట్టు మాత్రం లేచి
గాలిలో ఆగింది.

ఎవరో నేనడగలేదు.

ఆ చెయ్యి దిగడమూ
గల్లీ తెల్లగా భగ్గుమనడమూ ఒకటే.
కన్సోల్ పక్కన, ఏ మీటా లేని చెక్కమీద,
నా బొటనవేలు
కాస్త ఆగి పడింది.